చర్చి వరండాలో నిరాశ్రయులు

మెదక్ చర్చి కరువులో లేచిన కట్టడం. పస్తులున్న జనానికి రెవరెండ్ పాస్నెట్ అక్కడ పని చూపి కూడు పెట్టారు. 1924 డిసెంబరు 25న దానికి ప్రతిష్ఠ జరిగింది. అలాంటి జిల్లాలో చర్చి వరండాల్లో పడుకునే దిక్కులేనివారిని అర్ధరాత్రి లేపి పంపడం న్యాయం కాదు.

శుభ్రత, స్త్రీల భద్రత గురించి సంఘపెద్దల భయమూ కొట్టివేయదగింది కాదు. అయితే గేటుకు తాళం దానికి మందు కాదు. ఆవరణలో ఓ మూల రేకుల షెడ్డు, స్త్రీలకు విడిగా చోటు, మంచినీళ్లు, మరుగుదొడ్డి, ఒక కాపలాదారు ఉండాలి. ఆరాధన వేళకు ఖాళీ చేయాలని నియమం పెట్టవచ్చు. జబ్బుపడినవారిని ఆసుపత్రికి చేర్చాలి. ముసలివారి పింఛను దరఖాస్తులు రాసిపెట్టాలి.

శాశ్వతమైన నీడ చూపడం ప్రభుత్వం బాధ్యత. అది దక్కేదాకా, ఆకలి తీర్చడానికి లేచిన గోడల పక్కన తలదాచుకోను చోటు లేదనరాదు.