చరణాలు దాటేస్తే...

ఆదివారం ఆరాధనలో ఈమధ్య ఒక అలవాటు బలపడుతోంది. పల్లవి, మొదటి చరణం పాడి, ఆఖరి చరణానికి దూకేస్తున్నాం. అదేమంటే వేళ చాలదంటారు. పల్లవిని పదిసార్లు తిప్పడానికి మాత్రం వేళ దొరుకుతుంది. ఈ కత్తిరింపుతో సంఘం పోగొట్టుకుంటున్నది చిన్నదేమీ కాదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలకు పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి వంటి కవులు కీర్తనలు కట్టిన కాలానికి తెలుగునాట చదువు కొద్దిమందిదే. బైబిలు చదవలేని కూలితల్లి కూడా పాపం, సిలువ, క్షమాపణ, పునరుత్థానం అన్న వరసను చరణం వెంట చరణంగా కంఠతా పట్టింది. ఆమె చదివిన వేదాంతమంతా ఆ పాటే. పాటలతో ఒకరికొకరు బోధించుకోవాలనీ బుద్ధి చెప్పుకోవాలనీ కొలొస్సయులకు రాసిన పత్రిక చెబుతోంది. బోధలో నడిమి పాఠాలు ఎత్తేస్తామా?

ఫిలిప్పీ చెరసాలలో దెబ్బలు తిని, కాళ్లకు బొండ బిగించి ఉన్న పౌలు సీలలు అర్ధరాత్రి పాడారు. తోటి ఖైదీలు విన్నారు. అలాంటి రాత్రి గుండెలో ఉన్న పాటే పెదవికి అందుతుంది.

కీర్తనల గ్రంథంలో 13వది ఆరు వచనాలే. దేవుడు తనను మరిచాడన్న మొరతో మొదలై పాటతో ముగుస్తుంది. నడుమ దుఃఖం, శత్రుభయం, ప్రార్థన ఉన్నాయి. అవన్నీ దాటి వచ్చినవాడికే ఆ చివరి సంతోషం. 88వ కీర్తనైతే చీకటిలోనే ఆగిపోతుంది. అదీ ఆరాధన గ్రంథంలోనే ఉంది. అప్పులపాలైన రైతు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి మన మధ్యే కూర్చుంటారు. వాళ్లచేత ఉత్సాహగీతాలు మాత్రమే పాడించబోతే గొంతు పెగలదు.

కొత్త పాటలన్నా కీబోర్డన్నా నాకు వ్యతిరేకత లేదు. కొత్తవాటిలోనూ లోతైనవి ఉన్నాయి. వాయిద్యాల హోరులో పక్కవారి గొంతు వినబడకపోవడమే నా బాధ. వినబడకపోతే ఒకరికొకరు బోధించుకునేదెలా?

పాస్టర్లను, క్వయర్ నాయకులను వేడుకుంటున్నాను. వారానికి ఒక్క కీర్తననైనా అన్ని చరణాలతో పాడించండి. అందులో ఒక చరణాన్ని వాయిద్యాలు ఆపి, సంఘం గొంతుకే వదలండి. ఇంట్లో కుటుంబ ప్రార్థనలో పిల్లలకు నెలకో పాట పూర్తిగా నేర్పండి. ఆరాధనలో అన్ని చరణాలూ పాడేందుకు ప్రసంగం ఐదు నిమిషాలు తగ్గినా ఫరవాలేదు.