కర్ర అమ్మితే ముల్లు పోదు



పొంగలి ముగిసింది. ఐప్పసి వానలకు పని నిలిపి ఊరికి పోయిన చెట్లు కొట్టేవాళ్లు తై పుట్టగానే మన గుడి మాన్యానికి తిరిగి వచ్చినారు. వాళ్లు కత్తి పట్టినారో లేదో, మన గ్రూపులో నోళ్లు లేచినాయి. "పోయినేడు వీళ్లేగా కొట్టింది? ఒక్క వానకే సీమ కరువేలం నడుమెత్తు లేచింది, వీళ్లను మార్చండి" అని ఒకరు. "అడ్వాన్సు తీసుకొని రెండు నెలలు పండుకొన్న సోమరులు" అని ఇంకొకరు. ఇది అన్యాయం. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

ఆంధ్రలో సర్కారు తుమ్మ అనే ఈ చెట్టు గుణం కరిసల్ నేలలో పుట్టిన మనకు ఒకరు చెప్పాలా? నేల మట్టానికి కొడితే చావదు. మోడు నుంచి ఒక కొమ్మకు పది లేస్తాయి. కాయ మేకలు తింటాయి, గింజ అరగదు, పెంటికతో పాటు పక్క పొలంలో పడి మొలుస్తుంది.

ఇప్పుడు మన ఒప్పంద పత్రం తీసి చదవండి. కర్ర టన్నుకు ఇంత అని సంఘానికి రావాల్సిన రూపాయి రాసినాము. వేరు అనే మాట ఒక్క చోట లేదు. కాంట్రాక్టరు కర్ర కొన్నాడు, బొగ్గు మూట్టానికి పంపుతాడు, కొట్టిన బరువుకే కూలి ఇస్తాడు. వేరు తవ్విన పొద్దుకు ఎవరిస్తారు? రైల్వే గూడ్సు ఆఫీసులో బిల్లులు రాసినవాణ్ణి నేను. రసీదులో రాయని సరుకు దిగలేదని కూలివాణ్ణి తిట్టిన అధికారిని చూడలేదు.

సోమరులు అనే మాటకు కూడా జవాబు ఉంది. వానలో మూట్టం కాలదు, రేగడిలో బండి దిగబడుతుంది. ఆ రెండు నెలలు వాళ్లకు కూలి లేదు. అడ్వాన్సు అంటే అప్పు, ఇప్పుడు కొట్టి తీర్చాలి. ముల్లు దిగి వాచిన చేతులకు ఒక జత తోలు గ్లవుసులు కూడా మన పత్రంలో లేవు.

ప్రతి వార్షికోత్సవంలో మైకు పట్టుకొని, మన పెద్దలు తెలుగు దేశం నుంచి వచ్చి అడవి తీసి ఊరు కట్టినారని చెప్పుకొంటాము. ఇడైసెవల్ కి. రాజనారాయణన్ గారు 'గోపల్ల గ్రామం' నవలలో రాసింది అట్లా వచ్చినవాళ్ల కథే. వాళ్లు వేర్లు వదిలి ఉంటే మనకు పొలం మిగిలేదా? ఈ ముల్లూ మన దారినే వచ్చింది. 1877లో జమైకా గింజ తెప్పించి అప్పటి మద్రాసు రాజధానిలో మొదట వేసింది కడప జిల్లాలోనే. వచ్చిన చోట వేరు పట్టడం దానికి మనకన్నా బాగా తెలుసు.

2017లో మదురై హైకోర్టు బెంచి ఈ చెట్లను తీసెయ్యమన్నది, కొన్ని నెలలకే స్టే వచ్చింది. 2022లో ప్రభుత్వం పరదేశి మొక్కల మీద ఒక విధానం ప్రకటించింది. తీయడం ఒక్కటే చాలదు, తీసిన నేలను బాగు చెయ్యాలి అని అందులో ఉంది. మనం రెండోది ఎప్పుడైనా చేసినామా?

ఖర్చు అంటారు. నిజమే, జేసీబీ బాడుగ ఉంది. కాని కర్ర అమ్మిన రూపాయిని రాబడిలో రాసుకొంటున్నాము కదా. ఆ రూపాయి కోసమే ముల్లు పెరగనిస్తున్నారని బయటివాళ్లు అంటే ఏమి చెబుతాము?

తై దాటకముందు కమిటీ కూడాలి. కొత్త పత్రంలో ఇవి రాయాలి. కర్ర బరువుకు కాదు, వేరుతో తీసిన సెంటుకు రూపాయి. వచ్చే ఐప్పసి వాన తరువాత చిగురు లేదని చూసినాకే కాంట్రాక్టరుకు కడపటి వాయిదా. కూలివాళ్లది మాత్రం వారం వారం, నిలపకూడదు. తీసిన చోట వేప, చింత, నాటు తుమ్మ మనమే నాటాలి.

ఇంత చేసినాక కూడా ముల్లు లేస్తే వాళ్లను అడగండి, నేనే ముందు నిలిచి అడుగుతాను. అంతదాకా ఎండలో ముల్లు కొట్టేవాళ్ల మీద నోరు పెట్టొద్దు. కమిటీ తేదీ చెప్పండి.