సూదికి ముందు

నయంకాని జబ్బు చేసిన పెంపుడు జంతువు గురించి మనవాళ్ళు రెండే మాటలంటారు. "ఇంకో డాక్టరుకి చూపిద్దాం" అని ఒకటి, "సూది వేయించెయ్యండి, చూడలేకపోతున్నాం" అని ఇంకోటి. రెండూ ఇష్టంలేనివాళ్ళు "దేవుడే తీసుకుపోతాడులే" అని ఊరుకుంటారు. చూడ్డానికి దయలాగే ఉంటుంది కానీ, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఈ మూడోదే. ఆయన తీసుకుపోయేలోపు దాని నొప్పి ఎవరు చూడాలి?

మేముండే మదీనత్ ఖలీఫాలో ఏ గోడ చూసినా ఓ పిల్లి కనిపిస్తుంది. మాదీ అలా వీధిలోంచి వచ్చిందే. పద్నాలుగేళ్ళది. మూత్రపిండాలు పాడయ్యాయని ఈమధ్య తేలింది. ముసలి పిల్లుల్లో మామూలే, తగ్గే జబ్బు కాదు. "తగ్గించలేను, ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉండేలా చూద్దాం" అంది డాక్టరమ్మ. అప్పట్నుంచి రోజు విడిచి రోజు, రాత్రి భోజనాలయ్యాక, భుజాల మధ్య వదులుగా ఉండే చర్మం కింద సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తున్నాం. సంచీని కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచితే కదలకుండా కూర్చుంటుంది. వికారానికో మందు, ఆకలికో మందు. సోఫా ఎక్కడానికి ఓ పీట. "పిల్లికి సెలైనేవిటే, చోద్యం కాకపోతే!" అంది మా అమ్మ రాజమండ్రి నుంచి. ఇప్పుడు ఫోన్ చేస్తే నాకన్నా ముందు దాన్నే అడుగుతోంది.

పిల్లులు నొప్పిని దాచుకుంటాయి. అరవవు. ఒళ్ళు నాక్కోవడం మానేసి మంచం కిందకి చేరతాయి. మనమేమో "హాయిగా పడుకుంది" అనుకుంటాం. (మన మందుల డబ్బాలో పారాసిటమాల్ మాత్రం ముట్టుకోకండి. ఒక్క మాత్రకే పిల్లి ప్రాణం పోవచ్చు.)

ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు 2004లో ఓ కొలత తయారుచేసింది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఒక్కోదానికి పది మార్కులు. మొత్తం 35 దాటితే ఫరవాలేదని లెక్క. ప్రాణానికి మార్కులేమిటని మొదట ఎబ్బెట్టుగానే అనిపించింది. కానీ ఆదివారం ఆదివారం నేనూ మా ఆయనా విడివిడిగా వేసి పోల్చుకుంటుంటే, మేం ఒకరికొకరు చెప్పుకోని విషయాలు ఆ కాగితం మీద బయటపడుతున్నాయి.

1928లో సబర్మతి ఆశ్రమంలో జబ్బుతో అల్లాడుతున్న దూడకి గాంధీగారు తానే దగ్గరుండి డాక్టరు చేత విషపు సూది వేయించారు. అహింస చెప్పే మనిషి ఇలా చేశాడేమిటని గొడవ రేగింది. ఆయన దాచలేదు, తన పత్రికలోనే రాశారు. అందరూ ఆ సూది గురించే వాదించారు. నాకు అంతకుముందు జరిగింది ముఖ్యంగా తోస్తుంది. పక్కకి కూడా తిరగలేని దూడ, దాన్ని ముసురుకునే ఈగలు, ఇక ఏం చేసినా ఉపశమనం లేదని తేల్చుకోవడం. సూది పాపమని వాదించేవాళ్ళతో నాకు పేచీ లేదు. అలాంటప్పుడు ఈగలు తోలే పని కూడా వాళ్ళే చెయ్యాలి.

మొన్న ఆదివారం మా ఆయన 41 వేశారు. నేను 36 వేశాను. ఇంటికొచ్చి సూది వేస్తారా అని డాక్టరమ్మని అడిగి ఉంచాను. ఇంట్లో ఇంకా రెండు సెలైన్ సంచీలున్నాయి.