మెకానిక్‌ని చూసి కారు కొనాలి

లక్ష రూపాయల్లోపు ఓ పాత చిన్న కారు కొందామని హాస్టల్లో ఎవరైనా అన్నారనుకోండి, వెంటనే రెండు పార్టీలు తయారవుతాయి. ఒక పార్టీ "ఆ డబ్బుకి మంచి బైక్ వస్తుంది కదరా, ఆ డొక్కు ఎందుకు?" అంటుంది. రెండో పార్టీ ఫోన్ తీసి రీల్స్ చూపిస్తూ, ఏ సైలెన్సర్ వేయాలి, ఏ రంగు స్టిక్కరింగ్ చేయించాలి అని అప్పుడే ఎస్టిమేట్ వేసేస్తుంది. నాకు ఈ రెండు పార్టీలతోనూ పేచీ ఉంది. ఊళ్లో తిరగడానికి పాత చిన్న కారంత మంచి వస్తువు ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. కాకపోతే మనవాళ్లు దాన్ని ఎంచుకునే పద్ధతే తలకిందులుగా ఉంటుంది. ముందు మోడల్ ఫిక్స్ అయిపోతారు, తర్వాత కండిషన్ చూస్తారు, మెకానిక్‌ని ఎప్పుడో రోడ్డు మీద ఆగిపోయాక వెతుక్కుంటారు.

తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి గేదెను అని సామెత. (మొదటి సగం మా అమ్మకి అస్సలు నచ్చదు, ఆ గొడవ ఇక్కడ వద్దు.) పాత కారు విషయంలో అయితే మెకానిక్‌ని చూసి కారు. మీ ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు ఉన్న షెడ్డుకి వెళ్లి, "అన్నా, నువ్వు కళ్లు మూసుకుని విప్పి బిగించగలిగే కారు ఏది?" అని అడగండి. ఆయన చెప్పే రెండు మూడు పేర్లలోనే మీ కారు ఉంటుంది. మిగతావన్నీ ఫోటోలో చూసి లైక్ కొట్టడానికే.

ఇది నాకు ఊరికే వచ్చిన ఆలోచన కాదు. మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాయనమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. వారానికి మూడుసార్లు కొత్తపేటలో ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. దూరం గట్టిగా మూడు కిలోమీటర్లు కూడా లేదు. కానీ ఆటో ఎక్కాలంటే ఆ మెట్టు ఆమెకి కొండ. ఎక్కేటప్పుడు ఒకరు కింద నుంచి పట్టుకోవాలి, ఒకరు లోపలి నుంచి లాగాలి. ఇది చూడలేక నాన్న కొత్త కారు తీసుకుందాం అంటున్నారు. ఎనిమిది లక్షల లోను, ఏడేళ్లు. నేను లెక్క వేసి చూపించాను. తొమ్మిది శాతం వడ్డీకి నెలకి సుమారు 12,870 రూపాయలు, ఏడేళ్లలో దాదాపు 10 లక్షల 81 వేలు కడతాం. అంటే వడ్డీయే రెండు లక్షల ఎనభై వేలు దాటుతుంది. ఆ వడ్డీ డబ్బుతో పాత కార్లు మూడు కొని, మూడింటికీ టైర్లు మార్చొచ్చు. మా ఇంట్లో ఇంకా నా ఫీజు రెండేళ్లు ఉంది, చెల్లిది మొదలే కాలేదు. నెలకి రెండు వందల కిలోమీటర్లు తిరగని బండికి ఏడేళ్లు అప్పు కట్టడం ఏం లాజిక్కో నాకు అర్థం కాదు. "నలుగురిలో ఎలా ఉంటుందిరా" అన్నది నాన్న వాదన. ఆ నలుగురూ ఈఎంఐలో వాటా వేసుకోరు కదా.

సరే, ఏ కారు? అందరికీ ముందు గుర్తొచ్చేది మారుతి 800. 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరి దాకా తయారైన కారు. మన అమ్మానాన్నల తరంలో చాలామంది డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నది దీని మీదే. 796 సీసీ, మూడు సిలిండర్లు, బరువు ఆరున్నర క్వింటాళ్ల చిల్లర. పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.44 మీటర్లు. ఇప్పుడు అందరూ ఎగబడే క్రెటా పొడవు 4.3, వెడల్పు 1.79. బ్రాడీపేట లైన్లలో రెండు పక్కలా బండ్లు పెట్టి ఉంటే ఆ ముప్పై అయిదు సెంటీమీటర్ల తేడా ఏంటో తెలుస్తుంది. 800 అలా జారుకుంటూ పోతుంది, పెద్ద బండి వాడు అద్దాలు మడుచుకుని చెమటలు కక్కుతుంటాడు.

ఇంక దీని స్వభావం గురించి చెప్పాలంటే, ఈ కారు మీతో మాట్లాడుతుంది. పవర్ స్టీరింగ్ లేని 800లో ముందు టైర్లో గాలి తగ్గితే చేతులకే తెలిసిపోతుంది. క్లచ్ ప్లేట్ అరుగుతోందంటే పెడల్ నెలల ముందే చెబుతుంది. కొత్త కారులో డ్యాష్‌బోర్డ్ మీద ఒక పసుపు లైటు వెలుగుతుంది, ఎందుకు వెలిగిందో స్కానర్ పెడితే గానీ ఎవరికీ తెలియదు. కోడింగ్ చేసేవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒకటేమో ఏ లైన్లో ఎర్రర్ వచ్చిందో చెబుతుంది, రెండోది "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అని ఊరుకుంటుంది.

అయితే 800 కూడా అందరికీ సరిపోదు. సీటు బాగా కిందకి ఉంటుంది. కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అందులోంచి లేపడం నూతిలోంచి బిందె తోడటం లాంటిది. అందుకే మోడల్ కంటే ముందు, మెకానిక్‌తో పాటు, ఎవరు ఎక్కుతారు అన్నది కూడా చూడాలంటాను. మా ఇంటికైతే 800 కుదరదు, పాత శాంత్రో గానీ పాత వ్యాగన్ఆర్ గానీ కావాలి. శాంత్రో 1998లో వచ్చినప్పుడు ఆ ఎత్తు టాపు చూసి జనం నవ్వారట. కానీ ఆ ఎత్తు వల్లే సీటు నడుము దగ్గరకొస్తుంది. పక్కకి తిరిగి కూర్చుని కాళ్లు లోపల పెట్టుకుంటే చాలు. పైగా దాని ఇంజన్ కుటుంబమే తర్వాత ఐ10లోనూ నడిచింది కాబట్టి మెకానిక్‌లకి చెయ్యి తిరిగిన సరుకు. అందం సంగతంటారా, నాకు ఆ కప్పకళ్ల మొహం ఇష్టమే.

మనసు లాగే కార్లు ఇంకా ఉన్నాయి. పద్మిని ఉంది, మన తాతయ్యలు ఫియట్ అని పిలిచేది. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్. దాన్ని చూస్తే నాకూ ముచ్చటే. కానీ అది 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది, దాని నాడి తెలిసిన మెకానిక్‌లు రిటైర్ అయిపోతున్నారు, బాగున్న బండి ఉంటే సరదాగా దాచుకునేవాళ్లు ధర పెంచేశారు. మాటిజ్ ఇంకా ముద్దొస్తుంది. కానీ దాన్ని చేసిన దేవూ మన దేశంలో మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. అనాథ కారుని ప్రేమతో తెచ్చుకోవచ్చు గానీ, ఫిజియోథెరపీ టైముకి వెళ్లాలంటే నమ్ముకోలేం. నానో మీద మనవాళ్లకున్న చులకన మాత్రం అన్యాయం. 624 సీసీ, వెనక ఇంజన్, లోపల బోలెడు చోటు. 2018 దాకా వచ్చింది కాబట్టి వయసూ తక్కువే. మీ మెకానిక్ సరేనంటే సిగ్గుపడకుండా కొనండి.

కార్బొరేటర్ బండా, ఎంపీఎఫ్ఐ బండా అన్న చర్చ కూడా వస్తుంది. పొద్దున్నే చోక్ లాగి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి స్టార్ట్ చేయడంలో మజా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మజా వెనకే పొగ ఉంటుంది, వీధిలో పిల్లలుంటారు. 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ బండే తీసుకోండి. దానికీ ఒక ఖర్చు ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత బండ్ల రబ్బరు పైపులు, గాస్కెట్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్న వారంలోనే ఫ్యూయెల్ పైపులన్నీ కొత్తవి వేయించండి. పెట్రోల్ కారి అంటుకుంటే తర్వాత ఏడ్చి లాభం లేదు.

ఇక అసలు అభ్యంతరం, నాన్న చెప్పేవాటిలో నేను తలొంచేది ఇదొక్కటే. ఈ కార్లలో ఎయిర్‌బ్యాగులు ఉండవు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు మన మార్కెట్లోని చిన్న కార్లను గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే, ఆల్టో 800, నానో, ఐ10తో సహా అయిదు మోడళ్లకీ సున్నా స్టార్లే వచ్చాయి. అప్పటి కొత్త కార్ల సంగతే అది, ఇంకా పాతవాటి గురించి వేరే చెప్పాలా? అందుకే నేను లోకల్, లోకల్ అని ఇన్నిసార్లు అంటున్నది. వేగం రెట్టింపైతే దెబ్బలో శక్తి నాలుగింతలవుతుందని ఇంటర్లో అందరం రాశాం. 40 దాటని వీధుల్లో ఆ కారు ఒక రకం, హైవే మీద 80లో లారీల మధ్య ఇంకో రకం. మా ఇంట్లో పాత కారు వస్తే అది విజయవాడ హైవే ఎక్కదు. ఎవరి పెళ్లైనా సరే బస్సులోనే. వెనక సీటుకి బెల్టులు లేకపోతే వేయించాకే నాయనమ్మ ఎక్కేది. ఈ షరతుకి ఒప్పుకోలేని ఇల్లైతే, రోజూ ఊరు దాటి వెళ్లే పనైతే, నా వ్యాసం పక్కన పడేసి లోను తీసుకోండి, నేనేమీ అనుకోను.

బండి చూడటానికి వెళ్లినప్పుడు కొన్ని చూసుకోవాలి. అమ్మేవాళ్లు ముందే ఇంజన్ వేడి చేసి ఉంచుతారు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే టీ తాగుతూ గంట కూర్చోండి. పాత ఇంజన్ అసలు గుణం చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని, అంటే ఇంజన్ పని ఉందని. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల మజ్జిగలా తెల్లగా ఉంటే అక్కడి నుంచే వచ్చేయండి. ఫుట్‌మ్యాట్ ఎత్తి తుప్పు చూడండి, విశాఖ, కాకినాడ వైపు సముద్రం గాలి తగిలిన బండ్లయితే మరీ. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం చేసిన టైరని. పైన ఎంత నల్లగా మెరిసినా ఏడేళ్ల టైరు ఏడేళ్ల టైరే.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఎన్ని కార్లు మునిగాయో మనందరం టీవీలో చూశాం. మునిగిన కారు కడిగి ఆరబెడితే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడండి. ఎంత కడిగినా ఆ పట్టీ లోపలి చుట్టల్లో బురద గీత ఉండిపోతుంది. సీటు కింద బోల్టులు తుప్పు పట్టి, పైన సీటు కవర్ మాత్రం కొత్తగా ఉంటే అనుమానించాల్సిందే. ఇంత చెప్పినా, మీ షెడ్డు మెకానిక్‌ని అయిదు వందలిచ్చి వెంట తీసుకెళ్లడమే అన్నిటికంటే ఉత్తమం. రేపు దాన్ని బాగు చేయాల్సింది ఆయనే కాబట్టి అబద్ధం చెప్పడు.

కాగితాల విషయంలో బద్ధకం పనికిరాదు. ప్రైవేటు కారు ఆర్సీ పదిహేనేళ్లకి అయిపోతుంది, తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దీనికి ఫీజు 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటిన బండికి ఇంకా ఎక్కువ. పైన గ్రీన్ ట్యాక్స్. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబడాలి. అందుకని ధర మాట్లాడే ముందు ఆర్సీ ఎప్పటిదాకా ఉందో చూడండి, అయిపోవడానికి దగ్గరగా ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించండి. ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు ఉన్నాయి కాబట్టి అక్కడి కార్లు చవగ్గా కనిపిస్తాయి. ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, తీసుకొచ్చే ఖర్చు కలిపితే ఆ చవక ఎటు పోతుందో తెలియదు. గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్సీలో ఎక్కిందో లేదో చూడండి. ఇన్సూరెన్స్‌కి భయపడక్కర్లేదు, వెయ్యి సీసీ లోపు కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, జీఎస్టీ అదనం. 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని "తర్వాత మార్చుకుందాంలే" అని సొరుగులో పడేసేవాళ్లు చాలామంది. బండి ఎవరినైనా గుద్దితే కేసు ఆర్సీలో పేరున్న పెద్దమనిషి ఇంటికి వెళ్తుంది, పాపం ఆయనేమో కారు అమ్మేసి హాయిగా ఉన్నాననుకుంటాడు.

మా నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ ఈ ఆదివారం తెనాలిలో ఒక 2002 శాంత్రో చూడటానికి వస్తానన్నారు. ఆర్సీ ఇంకో రెండేళ్లు ఉందట. మా వీధి చివరి మెకానిక్ బాబాయ్ కూడా వస్తున్నాడు, నాయనమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది, ఎక్కి దిగి చూడాల్సింది తనే కదా. అమ్మే ఆయనకి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ అని చెప్పాను.