చోకు లాగిన తెల్లవారుజాము

మా పికప్పు వానకు వెరవదు, బురదకు వెరవదు. చలికి మాత్రం ముసుగుతన్ని పడుకుంటుంది. పినపాకలో ధనుర్మాసపు చలి ఎరిగినవారు దాన్ని తప్పుపట్టరు. ఒకపక్క గోదావరి, ఇంకోపక్క అడవి, మధ్యలో మా ఇల్లు, చూరుకింద మామగారి కాలంనాటి ఈ పెట్రోలు బండి.

ముక్కోటి ఏకాదశికి భద్రాచలంలో ఉత్తరద్వార దర్శనం చూడాలని అమ్మ నెలరోజులుగా అంటోంది. కిందటేడు మోకాళ్ళ నొప్పులతో మానుకుంది. "పైయేడు వెళదాంలే" అంటే, "అప్పటికి నేనుండాలిగా నాయనా!" అంది. దానికి జవాబు నేను చదువుకున్న ఏ వ్యాకరణంలోనూ లేదు.

రెండు గంటలకే లేచాం. తాళం తిప్పాను, గుర్రుమని ఊరుకుంది. చోకు పూర్తిగా లాగి, యాక్సిలరేటరు పదిసార్లు తొక్కి, మళ్ళీ మళ్ళీ తిప్పాను. పెట్రోలు వాసన గుప్పుమంది. బ్యాటరీ కూడా నీరసించింది.

"కార్పొరేటరుకు జబ్బు చేసిందేమోరా" అంది శాలువాలోంచి అమ్మ.

"ఏమండీ, ఇహ ఆ పెద్దాయన్ని లేపండి" అంది మా ఆవిడ.

వీధిచివరి ముసలి మెకానిక్కు దుప్పటితోనే వచ్చాడు. మణుగూరులో బొగ్గు లారీలు బాగుచేసి చెయ్యి తిరిగినవాడు. బానెట్టెత్తి, వాసన చూసి నవ్వాడు.

"బండికేం కాలే సారూ. చోకు గుంజి గుంజి మీరే దాని గొంతు పిసికిన్రు."

పెట్రోలు ఆవిరై గాలితో కలిస్తేగాని మండదు. బరువు లెక్కన ఒకపాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్ళ గాలి కావాలి. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక, గాలికి తలుపు మూసి పెట్రోలు పాలు పెంచడమే చోకు పని. అది మితిమీరితే ప్లగ్గులు తడిసిపోయి నిప్పురవ్వ పుట్టదు. నేను చేసిన ఘనకార్యం అదే!

అతను ప్లగ్గులు విప్పి తుడిచాడు. కార్బురేటరు తొట్టి విప్పితే అడుగున నీటిచుక్కలు, తుప్పుపొడి. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి 20 పాళ్ళ దాకా ఇథనాలు చేరింది. అది తేమను పీల్చుకుంటుంది. వారాలతరబడి కదలని పాత బండికి అది పడదు. జెట్టు పొడవమని పిన్నీసు అందించబోతే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఇత్తడి జెట్టు కన్నం వెంట్రుకవాసి పెరిగినా బండి పెట్రోలు తాగేస్తుందట. సైకిలు పంపుతో ఊది ఊరుకున్నాడు.

బ్యాటరీ లేదుగా, హ్యాండిలు తీశాడు. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచాలి సుమండీ! చుట్టి పట్టుకుంటే, ఇంజను ఎదురుతన్నినప్పుడు వేలు విరుగుతుంది. 1912లో క్యాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు వచ్చింది గాని, అంతకుముందు దొరలకూ ఇదే తంటా.

చోకు సగమే లాగించాడు. నాలుగో తిప్పుకు బండి దగ్గి లేచింది. సంబరంకొద్దీ నేను చోకు నెట్టేయబోతే, "ఆగుండ్రి సారూ, ఒళ్ళు వెచ్చబడనీండ్రి. జర జర నెట్టండ్రి" అన్నాడు.

డబ్బు పుచ్చుకోలేదు. "నేను చూసి శానా ఏండ్లాయె" అంటూ వెనక తొట్టిలోకి ఎక్కాడు. మణుగూరు, అశ్వాపురం, సారపాక దాటాం. గోదావరి వంతెన మీద ఇంకా చీకటే.

"నడుపురా, ఆపకు. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో!" అంది అమ్మ, కొండకేసి చేతులు జోడిస్తూనే.

అవతల బండిని ఏటవాలు చూసి, ముక్కు పల్లానికి పెట్టి నిలిపాను.