చేతికి పని కావాలె

మిల్లుల ముప్పై ఏండ్లు చేసినోళ్లు ఇంట్ల కూసుంటే ఎట్లుంటదో మన గల్లీలోళ్లకు చెప్పే పని లేదు. పొద్దున కట్ట మీద, మధ్యాహ్నం మంచం మీద. రాత్రి నిద్ర రాదు. నొప్పి మోకాలిదో మనసుదో తెలువదు. దీనికి పెన్సిలు పట్టుకోండి అంటే నవ్వకండి.

బొమ్మలు గీయించి రోగులకు ఆసరా ఇచ్చే పద్ధతి ఉన్నది, ఆర్ట్ థెరపీ అంటారు. ఆ పేరు 1942లో పెట్టినాయన ఎడ్రియన్ హిల్, ఇంగ్లండు చిత్రకారుడు. ఆయన 1938లో టీబీ వచ్చి శానిటోరియంలో చేరాడు. అప్పుడు టీబీకి సరైన మందు లేదు, నెలల తరబడి పడుకునుడే వైద్యం. పొద్దుపోక కండ్ల ముందట ఉన్నవే గీసుకుంటూ ఉంటే మనసు కుదుటపడ్డది. తర్వాత పక్క మంచాలోళ్లకూ, యుద్ధంలో దెబ్బతిన్న సిపాయిలకూ నేర్పాడు. పత్తి దుమ్ము మింగి దగ్గినోళ్లం, ఆ మంచం సంగతి మనకు అర్థమైతది.

ఇక్కడ షోలాపూర్‌లోనే మా పెదనాన్న కొడుకు ఉన్నడు. చద్దర్లకు డిజైను గీసినోడు. గళ్ల కాయితం మీద ఒక్కో గడి నింపుకుంటూ నెమలిని లేపేది, ఆ లెక్కనే జకార్డు కార్డులకు చిల్లులు కొట్టేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కసరత్తుకని రబ్బరు బంతి ఇస్తే, "నేనేమన్నా చిన్నపిల్లోన్నా" అని విసిరికొట్టిండు. వదిన ఏడ్చి ఏడ్చి, మనుమడి లెక్కల వహీ చేతికిచ్చింది. మొదటి వారం గీతలన్నీ గడి దాటి పోయినయ్. ఇప్పుడు మూడు నెలలు. నెమలి మెడ దాకా వచ్చింది. అంగీ గుండీ ఇంకా పెట్టుకోలేడు, అది నిజమే. కానీ రాత్రి నిద్రపోతున్నడు, వదిన మీద అరుసుడు తగ్గింది. కసరత్తుకు కూడా ఇప్పుడు చెయ్యి చాపుతున్నడు. కన్ను, వేళ్లు, బుర్ర మూడూ ఒక్కసారే పని చేయాలె కదా, బంతి పిసికితే అది రాదు. గోళీలు మాత్రం ఒక్కటీ మానలేదు.

మన ఆడోళ్లు రోజూ వాకిట్ల చేసేది ఇదే. వంగి, రెండు వేళ్ల నడుమ పిండి పట్టి, చుక్కలు లెక్కపెట్టి ముగ్గేస్తరు. మొగోడు వేస్తే మాత్రం గల్లీ అంతా చూస్తది. చూడనియ్యండి. కానీ పొద్దంతా బీడీలు చుట్టిన అక్కలకు వేళ్లతోని ఇంకో పని చెప్పకండి. వాళ్ల వేళ్లకు కావలసింది విశ్రాంతి, పాట పాడుకుంటే చాలు.

వేళ్లకు పట్టు లేకపోతే పెన్సిలుకు గుడ్డ చుట్టి లావు చేయండి. బొమ్మ బాగుందా లేదా అని ఇంటోళ్లు తీర్పు చెప్పొద్దు. ఎవరన్నా వారాల తరబడి తిండి నిద్ర లేక, బతికి ఏం లాభం అంటుంటే మాత్రం వహీ ఇచ్చి ఊరుకోకండి, డాక్టరు దగ్గరికి తీసుకపోండి. 14416కు ఫోను చేస్తే పైస ఖర్చు లేకుండా మాట్లాడతరు, తెలుగులో కూడా.