తప్పింది ఎవరు?

తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960లో మొదలైంది. పద్మావతి మహిళా వైద్య కళాశాల వచ్చాక సీమ ఆడపిల్లలకు మరో తలుపు తెరుచుకుంది. సీటు ఎవరికి, ఏ కోటాలో వచ్చిందన్న లెక్క ప్రతి ఏడూ గడపగడపకూ తెలుస్తుంది. మొదటి సంవత్సరం అనాటమీలో ఎవరు తప్పారు, ఎందుకు తప్పారన్న లెక్క మాత్రం జనం ముందుకు రాదు. నీట్‌ను తెలుగులో రాయొచ్చు. కానీ ఇక్కడ ఎంబీబీఎస్ పాఠమూ పరీక్షా ఇంగ్లీషులోనే. పలమనేరు పల్లెలో తెలుగు మీడియం చదివిన పిల్లకు తెలివి తక్కువా, లేక పాఠం అందే దారి ఇరుకా? ఈ తేడా తేల్చకుండా రిజర్వేషన్‌ను తిట్టడం తేలిక. కానీ రాయితీ ప్రవేశం దగ్గరే ఆగిపోతుంది, ఎంబీబీఎస్‌లో ఉత్తీర్ణత మార్కు అందరికీ ఒక్కటే.

ఇలాంటి తేడాను కొలిచిన చోట్లూ ఉన్నాయి: వైద్య పరీక్షల ఫలితాలపై బ్రిటన్‌లో 2011లో వెలువడిన ఒక సమీక్ష 22 నివేదికలను, 23 వేలకు పైగా వైద్య విద్యార్థులనూ వైద్యులనూ కలిపి చూసింది. అక్కడే చదివినా శ్వేతేతరుల ఫలితాలు సగటున తక్కువే, యంత్రం దిద్దే రాత పరీక్షల్లోనూ అంతే. అంటే పరీక్షకుల పక్షపాతం ఒక్కటే కారణం కాదు. ఇక్కడ అలాంటి లెక్కలు బయటపెడితే వర్గాలపై ముద్ర పడుతుందన్న భయం అర్థమైనదే. అయితే లెక్క లేనిచోట ముద్ర ముందే పడింది, హాస్టల్ గుసగుసల్లో. పేర్లు లేకుండా, చదివిన మాధ్యమం, ప్రాంతం, ప్రవేశ వర్గం వారీగా ఉత్తీర్ణత వివరాలను ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏటా ప్రకటించాలి. తొలి ఆర్నెల్లు కళాశాలలు రెండు భాషల్లో పాఠం చెప్పాలి.